సిస్టర్ చూసే అంకె, మనం అడిగే అంకె

వానాకాలం ముదిరిందంటే వరంగల్‌లో మట్టెవాడ పక్కనున్న ఎంజీఎం ఆసుపత్రి జ్వరాల వార్డులో అందరి నోటా ఒకటే ప్రశ్న: "సిస్టర్, ప్లేట్‌లెట్లు ఎంతున్నయ్?" ములుగు నుంచి వచ్చినవాళ్లూ అదే అడుగుతారు, మహబూబాబాద్ నుంచి వచ్చినవాళ్లూ అదే అడుగుతారు. లక్షా యాభై వేలకు కాస్త తగ్గిందని తెలిస్తే చాలు, కలవరం మొదలు. ఒకరు బొప్పాయి ఆకు రసం పట్టుకొస్తారు, ఇంకొకరు రక్తదాతల కోసం వాట్సాప్ గ్రూపులన్నీ కదిలిస్తారు. ఈలోగా సిస్టర్ వచ్చి రోగి చెయ్యి పట్టుకుని చూసి, బీపీ పట్టీ కట్టి, "పొద్దుగాల నుంచి మూత్రం ఎన్నిసార్లు వచ్చింది?" అని అడిగి, చార్టులో నాలుగంకెలు రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోతుంది. ప్లేట్‌లెట్ల సంగతి చెప్పకుండా పోయిందని బంధువులకు కోపం.

ఆమె పట్టించుకోక పోలేదు. పట్టించుకోవాల్సిన అంకెలు వేరే ఉన్నాయి కాబట్టే వాటిని రాసుకుని వెళ్లింది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఒక్కో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. డెంగీలో అవి పడిపోవడం మామూలే, రోగం తగ్గుముఖం పట్టగానే వాటంతట అవే పెరుగుతాయి. రక్తస్రావం లేని రోగికి సంఖ్య 10,000 కంటే తగ్గితే తప్ప ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని మన జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. లక్షన్నరకూ పదివేలకూ మధ్య ఎంత ఎడం ఉందో చూడండి. మన కలవరమంతా ఆ మధ్యలోనే జరుగుతుంది.

డెంగీలో మనిషిని ముంచేది చాలాసార్లు ప్లేట్‌లెట్లు కాదు. రక్తనాళాల గోడల పట్టు సడలి, రక్తంలోని నీరు, అంటే ప్లాస్మా, బయటికి ఊరిపోవడం. ఇది జ్వరం మొదలైన 3వ రోజు నుంచి 7వ రోజు మధ్యలో, అదీ సరిగ్గా జ్వరం దిగే వేళకు మొదలై 24 నుంచి 48 గంటలు సాగుతుంది. "జ్వరం తగ్గింది కదా, ఇంటికి పంపండి" అని మనం తొందరపెట్టే సమయమే సిస్టర్ గంటగంటకూ వచ్చి చూసే సమయం.

ఆమె చూసేది బీపీలో పై అంకె ఒక్కటే కాదు, రెండంకెల మధ్య తేడా. 120/80 అయితే తేడా 40. 100/80 అని రాసి ఉంటే మనకు పెద్దగా భయం వేయదు, పై అంకె 100 ఉంది కదా అనుకుంటాం. కానీ అక్కడ తేడా 20కి దిగింది. డెంగీ రోగిలో తేడా 20కి గానీ అంతకంటే కిందికి గానీ వచ్చిందంటే, చేతులూ కాళ్లూ చల్లబడుతున్నాయంటే, షాక్ మొదలైనట్టే లెక్క. మూత్రం గురించి అడిగిందీ ఇందుకే. పెద్దవాళ్లలో కిలో బరువుకు గంటకు కనీసం అర మిల్లీలీటరు మూత్రం రావాలి. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు, రోజుకు 720. పొద్దుటి నుంచి ఒక్కసారే, అదీ కొంచెమే వచ్చిందంటే, ఒంట్లో తిరగాల్సిన నీరు తిరగడం లేదని అర్థం. ఆ కబురు ల్యాబ్ రిపోర్టు కంటే ముందే సిస్టర్‌కు అందుతుంది, మనం నిజం చెబితే.

ఎంజీఎం వెయ్యి పడకల ఆసుపత్రి. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి. ఉమ్మడి వరంగల్ జిల్లావాళ్లే కాదు, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ వైపు నుంచీ, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచీ రోగులు వస్తారు. ఒక్కో మంచం పక్కన ఒక బంధువైనా ఉంటారు. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి పోయాక మిగిలిన గంటలన్నీ రోగి సిస్టర్ చేతిలో, ఆ బంధువు కళ్లెదుట గడుస్తాయి. అందుకే నర్సింగ్ పాఠాల్లోని కొన్ని అంకెలు బంధువులకూ తెలిస్తే మంచిది. వైద్యం చేయడానికి కాదు, ఎప్పుడు పిలవాలో తెలియడానికి.

విడివిడిగా చూస్తే ఏ అంకె అయినా అమాయకంగానే కనిపిస్తుంది. ఒక రోగిని అనుకుందాం. ఊపిరి నిమిషానికి 22. ఆక్సిజన్ 95 శాతం. నాడి 112. బీపీ పై అంకె 108. జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్, అంటే మన థర్మామీటర్‌లో 101 చిల్లర. తెలివిగానే ఉన్నాడు, పలకరిస్తే బదులిస్తున్నాడు. ఇంట్లోవాళ్లు ఏమంటారు? "జర జ్వరముంది, అంతే." ఇప్పుడు బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక మార్కుల పద్ధతిలో లెక్కేద్దాం. ఊపిరి 21 నుంచి 24 మధ్య ఉంటే 2 మార్కులు. ఆక్సిజన్ 94, 95 అయితే 1. నాడి 111 నుంచి 130 అయితే 2. బీపీ 101 నుంచి 110 అయితే 1. జ్వరం 38.1 నుంచి 39 అయితే 1. తెలివిగా ఉన్నాడు కాబట్టి అక్కడ సున్నా. మొత్తం 7. ఆ పద్ధతిలో 5కు చేరితే డాక్టరు వెంటనే వచ్చి చూడాలి, 7 వచ్చిందంటే అత్యవసర బృందాన్నే పిలవాలి. ఒక్క అంకె కూడా మనల్ని భయపెట్టలేదు. అన్నీ కలిస్తే ఐసీయూ గుమ్మం దాకా వచ్చినట్టే. మంచి సిస్టర్ కాగితం మీద మార్కులు వేయకపోయినా, ఈ కూడిక మనసులో చేస్తూనే ఉంటుంది. "ఈ పేషెంట్ నాకెందుకో నచ్చుతలేడు" అని డ్యూటీ డాక్టరుతో అన్నదంటే ఆ మాట వెనుక ఈ లెక్క ఉంటుంది.

ఈ అంకెల్లో అన్నింటికంటే విలువైనదీ, అన్నింటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఊపిరి లెక్క. బీపీకి మిషన్ ఉంది, ఆక్సిజన్‌కు వేలికి తగిలించే క్లిప్ ఉంది, షుగరుకు చుక్క రక్తం చాలు. ఊపిరికి మాత్రం గడియారం చూస్తూ నిమిషంపాటు మంచం దగ్గర నిలబడాలి. ఆ నిమిషం దొరకని చోట చార్టుల్లో వరసగా 18, 20, 18, 20 అని పడుతుంటాయి. ఇది మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఉన్న జబ్బే. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 సార్లు మామూలు. 25కు చేరిందంటే అదొక్కటే 3 మార్కులు. శరీరంలో ఏదో తేడా చేస్తున్నప్పుడు బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది.

లెక్కపెట్టడంలో ఒక కిటుకుంది. "మీ ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెబితే ఎవరైనా ఊపిరి తీరు మార్చేస్తారు. అందుకే సిస్టర్లు నాడి చూడటం అయిపోయాక కూడా మణికట్టు మీది వేళ్లు తీయరు. రోగి ఇంకా నాడే చూస్తోందనుకుంటాడు, ఆమె కళ్లు మాత్రం ఛాతీ మీద ఉంటాయి. ఇంట్లో పసిపిల్లలకు దగ్గూ జలుబూ వచ్చినప్పుడు ఇదే పని తల్లి చేయొచ్చు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40. ఈ అంకెకు చేరినా, దాటినా న్యుమోనియా అనుమానించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు.

ఇక సెలైన్. వార్డులో బంధువుల చెయ్యి ఎక్కువగా పడేది దీని మీదే. "జల్ది అయిపోతే ఇంటికి పోతం" అని గొట్టం మీది చక్రాన్ని పైకి తిప్పేవాళ్లు ప్రతి వార్డులో ఉంటారు. మామూలు సెలైన్ సెట్ ప్యాకెట్ మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ముద్రించి ఉంటుంది. 500 మిల్లీలీటర్ల సీసా నాలుగు గంటల్లో పోవాలని డాక్టరు రాశారనుకోండి. 500ను 20తో హెచ్చిస్తే పదివేల చుక్కలు, 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42. సిస్టర్ గడియారం చూసుకుంటూ చక్రాన్ని సరిచేసేది ఆ 42 కోసం. మనం దాన్ని 120కి తిప్పామంటే నాలుగు గంటల సీసా గంటా ఇరవై మూడు నిమిషాల్లో ఖాళీ. విరేచనాలతో ఎండిపోయిన పాతికేళ్ల కుర్రాడు తట్టుకుంటాడేమో. గుండె బలహీనమైన తాతకు ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం పుట్టిస్తుంది. చుక్కలు ఆగిపోయినా, చెయ్యి ఉబ్బినా సిస్టర్‌ను పిలవాలి. చక్రం జోలికి పోకూడదు.

ఇంటికి చేరాక మీద పడే బాధ్యతల్లో ఇన్సులిన్‌ది పెద్దపీట. ఇక్కడ గుర్తుంచుకోవాల్సినవి రెండంకెలు: 40, 100. మన దేశంలో సీసాలో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ 100 యూనిట్లది. సిరంజీలూ అలాగే రెండు రకాలు, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. డాక్టరు 20 యూనిట్లు రాశారు. 40 ఇన్సులిన్‌ను పొరపాటున 100 సిరంజీలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగరు దిగదు, మందు పనిచేయలేదనుకుని మోతాదు పెంచుతారు. దీనికి ఉల్టా జరిగితే ఇంకా ప్రమాదం. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజీలో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు పోతాయి, రెండున్నర రెట్లు. మందుల షాపులో "ఇన్సులిన్ సిరంజీ ఇవ్వండి" అంటే సరిపోదు. సీసా చూపించి, ఆ అంకె చెప్పి అడగాలి.

షుగరు 70 కంటే తగ్గి చెమటలు, వణుకు, తికమక మొదలైతే నర్సింగ్ విద్యార్థులు మొదట నేర్చుకునే సూత్రం 15-15. పదిహేను గ్రాముల చక్కెర, అంటే దాదాపు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ పరీక్షించాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇలాంటప్పుడు మిఠాయి వెతుక్కోవద్దు, అందులోని నెయ్యి చక్కెరను నిదానంగా ఒంటికి పట్టిస్తుంది.

పిల్లల జ్వరం మందుదీ ఇన్సులిన్ సీసా కథే, ఇంకా చిక్కగా ఉంటుంది. పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు ఎక్కువలో ఎక్కువ 150. అదే మందు 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది, ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉన్న చుక్కల మందూ ఉంది. మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3, మూడోదైతే ఒకటిన్నర. పక్కింటామె "మా బుడ్డోడికి ఆరు ఎంఎల్ పోశా" అన్నదని మనింట్లో ఉన్న చుక్కల మందు ఆరు మిల్లీలీటర్లు పోస్తే 600 మిల్లీగ్రాములు, నాలుగు రెట్లు, ఆ బిడ్డకు రోజంతటికీ సరిపోయే మందు ఒక్క గుక్కలో. సలహా మంచిదే, సీసా వేరు. నాలుగు నుంచి ఆరు గంటల ఎడం పాటిస్తూ రోజుకు నాలుగుసార్లు మించకూడదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ అసలు వద్దు.

విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లం తెచ్చినవాళ్లు గ్లాసులో సగం పొడి వేసి కలిపేస్తుంటారు. 20.5 గ్రాముల పెద్ద పొట్లం మొత్తాన్నీ ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై మొదటికే మోసం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఇంట్లో బీపీ చూసేటప్పుడు చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2024లో కొలిచి చూస్తే, చెయ్యి ఒడిలో పెట్టుకున్నప్పుడు పై అంకె దాదాపు 4, పక్కకు వేలాడేసినప్పుడు ఆరున్నర ఎక్కువ చూపింది. 136 ఉన్న మనిషి 142తో బీపీ రోగి అయిపోవడానికి అది చాలు. మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే రోజుకు పన్నెండుసార్లు. ఆ పన్నెండూ ఇంట్లోవాళ్లు పంచుకోకపోతే వీపున పుండు పడుతుంది, దాన్ని మాన్పడానికి నెలలు పడతాయి.

ఇప్పుడు సిస్టర్ వైపు లెక్క చూద్దాం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. వినడానికి బాగుంది. కానీ ఆ ముగ్గురికి ఒకరు మూడు షిఫ్టులకూ కలిపి. అంటే ఒక్కో షిఫ్టులో తొమ్మిది మందికి ఒకరు. సెలవుల కోసం అదనంగా 30 శాతం కలపాలి. వెయ్యి పడకలకు ఈ లెక్కన దాదాపు 434 మంది వస్తారు, ఐసీయూలకు ఇంకా ఎక్కువ కావాలి. ప్రమాణం అక్షరాలా అమలైందనే అనుకుందాం. పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఆరు గంటల డ్యూటీలో 360 నిమిషాలు, తొమ్మిది మంది రోగులు, తలా 40 నిమిషాలు. అందులోనే మందులు, ఇంజెక్షన్లు, సెలైన్లు, డ్రెస్సింగులు, రక్త నమూనాలు, కేస్ షీట్లు, కొత్త అడ్మిషన్లు, బంధువుల ప్రశ్నలు. చేతుల శుభ్రతే చూడండి. శానిటైజర్‌తో సరిగ్గా రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు కావాలి. ఒక్కో రోగిని నాలుగుసార్లు ముట్టుకుని, ముందూ వెనుకా చేతులు శుభ్రం చేసుకుంటే 72 సార్లు, తక్కువలో తక్కువ 24 నిమిషాలు. వానాకాలంలో మంచాలు చాలక రోగులు 27 మంది అయ్యారనుకోండి, ఒక్కొక్కరికి పదమూడు నిమిషాలు మిగులుతాయి. ఊపిరి లెక్కకు ఆ నిండు నిమిషం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది సిస్టర్ల సౌకర్యం సంగతి మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. అమెరికాలో లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, శస్త్రచికిత్స రోగుల వార్డుల్లో నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుంది. యూరప్‌లో తొమ్మిది దేశాల లెక్కలతో 2014లో మళ్లీ చూస్తే అదే 7 శాతం తేలింది. అక్కడి నర్సుల భారం మనతో పోలిస్తే చాలా తక్కువ. ఈ భారానికి హద్దు పెడుతూ కాలిఫోర్నియా చట్టం చేసి 2004 నుంచి అమలుచేస్తోంది. అక్కడి సాధారణ వార్డులో ఏ షిఫ్టులోనైనా నర్సుకు అయిదుగురి కంటే ఎక్కువ రోగులు ఉండకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం భూమ్మీద నర్సులు 2.98 కోట్లు, కొరత 58 లక్షలు. తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో ఒకేసారి 6,956 మందికి స్టాఫ్ నర్సులుగా నియామక పత్రాలిచ్చింది. అది చిన్న సంఖ్య కాదు, మెచ్చుకోవాల్సిందే. కానీ నియామకాలు పండగలా పదేళ్లకోసారి జరిగితే లాభం లేదు. రిటైరయ్యేవాళ్లు ఏటా రిటైరవుతూనే ఉంటారు, రోగులు ఏటా పెరుగుతూనే ఉంటారు.

పోస్టులు నింపడం ప్రభుత్వం పని. మంచం పక్కన కూర్చున్నవాళ్లు చేయగల పనీ ఒకటుంది. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి: రోగి బరువు, జ్వరం మొదలైన తేదీ, ఆఖరిసారి మూత్రం వచ్చిన సమయం, రోజూ వేసుకునే మందుల పేర్లూ మోతాదులూ, ఇన్సులిన్ అయితే అది 40దా, 100దా అన్న సంగతి, పడని మందు ఉంటే దాని పేరు. సిస్టర్ అడగకముందే ఆ కాగితం ఆమె చేతికివ్వండి.